ఉంగరాల జుట్టుకి నేను చేసిన చట్టం

రంగూన్ నగరంలో నా చేతి కింద చదును కాని తల లేదు. కాగితాల మీద యాంగోన్ అని రాస్తారు గానీ మా నోళ్ళకి ఇప్పటికీ రంగూనే. రేవులో గుమాస్తాలు, రైల్వే కూలీలు, బడిపంతుళ్ళు, పెళ్ళికూతుళ్ళు, లక్ష తలలు నిటారుగా చేశానని ఒకసారి టీ కొట్టులో చెప్పాను. ఎవరూ కాదనలేదు. వింటున్నవాళ్ళు ఎవరూ లేరు మరి.

నిజం చెప్పాలంటే ఆరేడు వందలుంటాయి. నేను కత్తెర పట్టినవాణ్ణి కూడా కాను. పబేడాన్ పేటలో ఒక ఫోటో స్టూడియోలో రిటచింగ్ చేసేవాణ్ణి.

ఫిల్ము రోజుల్లో పని ఇలా ఉండేది. కిటికీ పక్కన ఒక వాలుబల్ల, దాని నడుమ గాజు పలక, గాజు కింద అద్దం. నెగెటివ్‌ను గాజు మీద పెడితే అద్దంలోంచి వెలుగు పైకి వస్తుంది. సూదిలా చెక్కిన పెన్సిలుతో దాని మీద గీతలు పెట్టాలి. నెగెటివ్ మీద పెట్టిన నలుపు ఫోటోలో తెలుపవుతుంది. ఉంగరాల జుట్టు మనిషి ఫోటో దిగితే తల చుట్టూ సన్నటి వెంట్రుకలు పొగలా లేచి కనిపిస్తాయి. ఒక్కోదాని మీదా పెన్సిలు ఆనిస్తే అది వెనకున్న తెల్ల తెరలో కలిసిపోతుంది. లోపలి ఉంగరాల మీద మెరుపుంటుంది. దాన్ని బ్లేడు మొనతో గీకేస్తే జుట్టంతా ఒకే నల్ల ముద్ద అవుతుంది. ఆ ముద్ద మీద పైనుంచి కిందికి నాలుగు తిన్నని గీతలు. అంతే. తాతల నాడు గంజాం నుంచి ఓడలో వచ్చిన జుట్టు పావుగంటలో ఇక్కడి జుట్టయిపోయేది.

మొదట్లో ఒకరిద్దరు అడిగారు. "కాస్త సాపు సెయ్యి మావా, ఆపీసులో ఇవ్వాల," అన్నారు. తరవాత తరవాత అడక్కుండానే చేశాను. మావాళ్ళ రంగూ జుట్టూ చూడగానే ఈ ఊళ్ళో కొందరి నోటికి వచ్చే రెండక్షరాల మాట ఒకటుంది. దాన్ని ఇక్కడ రాయను. ఆ మాట ఎవరి నోటా రాకముందే నా పెన్సిలుతో అడ్డం పడుతున్నాననుకునేవాణ్ణి. ఎంత ఉపకారం! అని నన్ను నేనే మెచ్చుకునేవాణ్ణి. ఇందులోనూ సగమే నిజం. మిగతా సగం, నా పనితనం చూసుకుని నేను మురిసిపోవడం.

మా ఆవిడది ఉంగరాల జుట్టు. దువ్వెన లోపలికి పోతే బయటికి రావడానికి దారి వెతుక్కునేది. మా కూతురికి నా జుట్టు వచ్చింది, దాని గురించి చెప్పుకోవడానికి ఏమీ లేదు. మనవరాలికి మాత్రం అమ్మమ్మ జుట్టు వెంట్రుక పొల్లుపోకుండా వచ్చింది.

ఆదివారం పూట ఆ పిల్లకి తల దువ్వడం మా ఆవిడ పని. పిల్లకి పదేళ్ళప్పుడు ఆవిడ పోయింది. ఆ మరుసటి ఏడు కూతురూ అల్లుడూ కుట్టు ఫ్యాక్టరీల్లో పని దొరికి ఊరి చివర లైంగ్‌థార్యార్‌కి మకాం మార్చారు. నేను పబేడాన్‌లో మూడో అంతస్తు గదిలోనే ఉండిపోయాను. రమ్మన్నారు, రానన్నాను. ఒకసారే రమ్మన్నారు. రెండోసారి అడుగుతారేమోనని చాలాకాలం చూశాను.

ఒక ఆదివారం పొద్దున్న కిందినుంచి తాడు మూడుసార్లు కదిలింది. ఇక్కడి పాత మేడలకి ప్రతి అంతస్తునుంచీ వీధిలోకి ఒక తాడు వేలాడుతుంది. పైన గంట, కింద క్లిప్పు. పేపరు కావాలన్నా, ఎవరైనా వచ్చారని తెలియాలన్నా అదే. తొంగిచూస్తే మనవరాలు, పక్కన వాళ్ళమ్మ. "నావల్ల కాదు నాన్నా దీని తల. ఏడుస్తాది. అమ్మ ఎలగ దువ్వీదో నువ్వు సూసినావు గదా, నువ్వే దువ్వు," అని పిల్లని అప్పజెప్పి బజారుకి పోయింది.

చూసిన మాట నిజం. చెయ్యడం రాదు. వచ్చని చెప్పాను. ఆ రోజు వేసిన జడ ఎలకలు కొరికిన తాడులా ఉంది. నెలల తరబడి నేర్చుకున్నాను. ముందు దువ్వెన ముట్టకూడదు, వేళ్ళతోనే చిక్కు తియ్యాలి. తలని నాలుగు పాయలు చెయ్యాలి. కొబ్బరినూనె గోరువెచ్చగా ఉండాలి. చివర్ల నుంచి మొదలుపెట్టి మెల్లగా పైకి రావాలి, పైనుంచి కిందికి లాగితే పిల్ల కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. ఐదు పాయల జడ కూడా వేస్తానని మా మెట్ల మీద అందరికీ చెప్పుకున్నాను. వేసింది ఎప్పుడూ మూడు పాయలే.

అలా పన్నెండేళ్ళు. పిల్ల పొట్టి పీట మీద వీధివైపు తిరిగి కూచునేది, నేను దాని వెనక మంచం మీద. నేను తెలుగులో మాట్లాడితే అది సగం బర్మాలో జవాబు చెప్పేది. పేచీ లేదు, మధ్యలో జుట్టుంది. రెండు బస్సులు మారి వచ్చేది. వారంలో ఆరు రోజులు నేను మనిషి మొహం చూడాలంటే టీ కొట్టుకి పోవాలి. ఏడో రోజు ఒక మనిషి నా దగ్గరికి వచ్చేది. ఆ గంటన్నర కోసమే నేను సోమవారం నుంచి బతికేవాణ్ణి. ఈ ఒక్క మాటలో మాత్రం ఎచ్చులు లేవు.

చదువయ్యాక మనవరాలు కూడా ఫ్యాక్టరీలోనే చేరింది. చొక్కా కాలర్లు కుట్టే వరసలో రోజంతా నిలబడి దారాలు తెంపే పని. ఒకరోజు నగరం నడిబొడ్డున కళ్ళద్దాల షాపులో కౌంటరు పనికి మనుషులు కావాలని తెలిసింది. అర్జీతో ఫోటో జతచెయ్యాలి. పిల్లకి సెలవు దొరకదు.

"ఫోనులో తీసిన ఫోటో ఇస్తాను. నువ్వు ప్రింటు తీయించి, అర్జీలో అంటించి ఇచ్చీ తాతా," అంది.

స్టూడియో ఇంకా ఉంది. నా వాలుబల్ల మీద ఇప్పుడు కంప్యూటరు కూచుంది. అక్కడ పనిచేసే కుర్రాడు నన్ను చూసి కుర్చీ వేస్తాడు, అంతవరకే నా ఉద్యోగం. అతను తెర మీద ఫోటో తెరిచాడు. మనవరాలు నవ్వుతోంది, తల చుట్టూ ఆ పొగ. నా వేళ్ళు దురదపెట్టాయి. "కాస్త చదును చెయ్యి," అన్నాను. నాకు పావుగంట పట్టే పని అతను రెండు నిమిషాల్లో చేశాడు. నాకు అసూయ కూడా కలిగింది. ప్రింటు అర్జీకి అంటించి, కవరు మూసి, షాపులో ఇచ్చి వచ్చాను. పిల్లకి చూపించలేదు. చూపిస్తే వద్దంటుందని తెలుసు కాబట్టే చూపించలేదు.

ఇంటర్వ్యూ సోమవారం పడింది. ముందురోజు నేను నూనె దట్టించి, బిగించి జడ వేసి పంపాను. తల గచ్చులా ఉంది. ఉద్యోగం వచ్చింది. ఆ రాత్రి నేను టీ కొట్టులో అందరికీ టీ చెప్పాను. అందరికీ అంటే, నాకూ, స్టూడియో కుర్రాడికీ.

షాపులో నూనె నిషేధం. కళ్ళద్దాల మీద వేలిముద్ర పడకూడదు కదా, చేతికైనా తలకైనా జిడ్డు పనికిరాదన్నారు. అప్పటికే వానలు మొదలయ్యాయి. ఆదివారం నేను రాసిన నూనె ఆ రాత్రే తలంటి కడిగేసుకునేది, వారమంతా పొడి తలే. ఆ తేమకి జుట్టు లేచింది. మూడో ఆదివారం వచ్చి పీట మీద కూచోకుండా నిలబడే ఉంది.

"తాతా, మమ నన్ను పక్కకి పిలిసింది." మమ అంటే ఇక్కడ అక్క, వాళ్ళ మేనేజరుని అలా పిలుస్తారు. "జుట్టు సాపు సేయించుకో, నేకపోతే ఎనక గదిలోకి పో అంది. నెల్లాల్లు టైమిచ్చింది."

"ఎనక గదిలో ఏటుంటాది?"

"అద్దాలు అరగదీసే మిసన్లు. కిటికీ నేదు. అందులోకి ఎల్తే మల్లీ కౌంటరు మీదికి రానివ్వరు."

"నీ జుట్టు వాల్లనేటి సేసింది?"

"గిరాకీలు ప్రేము పెట్టుకుని అద్దంలో మొకం సూసుకుంటారు గదా. ఎనకాల నా తల కనిపిస్తాదంట. బాగోదంట."

నేను నవ్వబోయి ఆగాను. పిల్ల నవ్వడం లేదు.

"ఇది నాయమేటి తాతా? పుట్టీటప్పుడు తెచ్చుకున్న జుట్టు. నువ్వు కోర్టులో పన్జేసినావు గదా. సట్టం ఏటంటాది?"

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. కోర్టులో పనిచేశానని దానికి చిన్నప్పటినుంచీ చెప్పాను. మా స్టూడియో ఉన్న సందులో దరఖాస్తులు రాసేవాళ్ళు కూచునేవారు. వాళ్ళ కాగితాల మీద అంటించే ఫోటోలు మేం తీసేవాళ్ళం. కోర్టు లోపలికి నేను వెళ్ళింది ఒకేసారి, ఫోటోల కవరు ఇచ్చి రావడానికి. బంట్రోతు గుమ్మం దగ్గరే అందుకున్నాడు.

కానీ ఆ పిల్ల నా మొహంలోకి అలా చూస్తుంటే బంట్రోతు సంగతి ఎలా చెప్పను?

"సట్టం ఉంది," అన్నాను.

"నిజంగానా?"

"నేకపోడమేటే! జుట్టు తీరు సూసి మనిసిని పన్లోంచి తీసీడానికి నేదు. జడేసుకున్నా, ఇరబోసుకున్నా, రింగులున్నా, ఎవలూ ఏటీ అనకూడదు. సెక్సను కూడా ఉంది."

"ఏ సెక్సను?"

నాలిక మీదికి వచ్చిన నంబరు చెప్పాను. అది ఆ పిల్ల ఎక్కి వచ్చిన బస్సు నంబరు. పిల్ల గమనించలేదు. ఫోనులో రాసుకుంది. మొహం తేటపడింది. పీట మీద కూచుని, "ఇయాల గట్టిగా బిగించకు తాతా. వొదులుగా ఎయ్యి," అంది. పన్నెండేళ్ళలో మొదటిసారి దాని జుట్టు దాని ఇష్టం వచ్చినట్టు వదిలాను. ఎంత బాగుందో చెబుదామనుకున్నాను. చెప్పలేదు.

చట్టం పూర్తిగా నా కల్పన కాదు. మెట్ల కింద కిళ్ళీ అమ్మే మనిషి ఫోనులో ఒక తెలుగు వార్త చదివాను. అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో అలాంటి చట్టం చేశారట. పుట్టుకతో వచ్చిన జుట్టు తీరు చూసో, అల్లుకున్న జడలు చూసో ఉద్యోగం ఇవ్వకపోవడం, బడిలోకి రానివ్వకపోవడం తప్పట. నల్లవాళ్ళు ఎంతోకాలం పడిన అవమానం మీద పుట్టిన చట్టం. ఆ చట్టమే ఇక్కడ ఉంటే, మేనేజరు కన్నా ముందు బోనెక్కాల్సింది నేను. ఆరేడు వందల నేరాలు, అన్నీ నా పెన్సిలు రాతతో. ఇక్కడి చట్టాల్లో జుట్టు మాట ఉందో లేదో నాకు తెలియదు. ఉందని ఎవరూ చెప్పగా వినలేదు. ఒక దేశపు చట్టాన్ని ఎత్తుకొచ్చి ఇంకో దేశంలో పెట్టాను, తెర మార్చి ఫోటో తీసినట్టు.

సోమవారం మనవరాలు మేనేజరుతో చెప్పింది. ఆ మేనేజరు చెడ్డమనిషి కాదట. కసురుకోలేదు. కంపెనీ వకీలుకి ఫోను చేసి ఈ పిల్ల ముందే స్పీకరు పెట్టి అడిగింది. ఆయన ఆ నంబరు విని, అందులో జుట్టు ఊసు ఏదమ్మా అని నవ్వాడట. పక్కనున్న పిల్లలు కూడా నవ్వారు. అప్పుడు మేనేజరు బీరువాలోంచి ఫైలు తీసి అర్జీ ముందు పెట్టింది. "మేం ఉద్యోగం ఇచ్చింది ఈ అమ్మాయికి. నువ్వు ఎవరివి?" అని అడిగింది.

ఇదంతా నాకు బుధవారం సాయంత్రం తెలిసింది. తాడు ఒక్కసారే కదిలింది. మూడుసార్లు కాదు. మనవరాలు చెప్పులు విప్పకుండా గుమ్మంలో నిలబడి చెప్పింది.

"ఆ పొటో ఎవలు సేసినారు?"

"కంప్యూటరు కుర్రోడు సేసీసుంటాడు. ఈ కాలం మిసన్లు వాటంతటవే సాపు సేసీస్తాయి తల్లీ."

"నువ్వు సూడనేదా?"

"నా కల్లు నీకు తెల్దేటి? కనిపించి సావవు."

"మరి సెక్సను?"

"అది అమెరికాలో ఉంది."

"ఈడ?"

"ఈడా వస్తాది."

"ఎప్పుడు?"

దానికి నా దగ్గర నంబరు లేదు. పిల్ల మెట్లు దిగింది. నేను వరండాలోకి వచ్చేసరికి వాన మొదలైంది. జుట్టు తడవకుండా సంచి నెత్తిన పెట్టుకుని నడిచిపోతోంది. పిలిస్తే వినిపించే దూరమే. పిలిచాను అని మొన్నటిదాకా నాకు నేనే చెప్పుకుంటూ వచ్చాను. పిలవలేదు.

తరవాతి కబురు ఫోనులో కూతురు చెప్పింది. మొదట ఇస్త్రీపెట్టెలాంటి దాంతో రోజూ పొద్దున్నే జుట్టు కాల్చుకునేదట. లైంగ్‌థార్యార్‌లో పొద్దున్న పూట కరెంటు ఉన్నరోజు పండగ. అందుకని మందు పెట్టించి నిటారు చేయించుకుంది.

"బాగుందేటి?" అని అడిగాను.

"బాగానే ఉంది నాన్నా. టీవీల్లో పిల్లలాగుంది. ఇంక నూనె రాయకూడదంట. మందు పోతాదంట. జడ కూడా ఎయ్యకూడదంట."

"మరి ఆదివారం?"

"ఆదివారం నీకాడికి వొచ్చి ఏటి సేస్తాది నాన్నా? చిక్కే పడదు ఆ జుట్టు."

కూతురు మామూలుగానే అంది. అందులో ముల్లు లేదు. కానీ నాకు లెక్క తేలింది. ఆ పిల్ల తల మీది చిక్కుల్లో నాకొక ఉద్యోగం ఉండేది. అది పోయింది. ఆరేడు వందల మంది జుట్టు చదును చేసినవాడికి చదునైన జుట్టు చూపించిన ఫలం అది.

ఆదివారాలు అంత పొడుగ్గా ఉంటాయని నాకు అంతకుముందు తెలియదు. మొదటి రెండు మూడు వారాలు అలవాటు కొద్దీ నూనె వెచ్చబెట్టాను. పీట వీధివైపు వేశాను. నా నెత్తికే రాసుకుందామంటే అక్కడ ఉన్నవి పది వెంట్రుకలు. ఒకసారి తాడు కదిలింది. చెప్పులు కూడా లేకుండా మూడంతస్తులు దిగాను. ఎవరో కుక్కని క్లిప్పుకి కట్టి టీ తాగడానికి పోయారు. కుక్క నన్ను చూసి తోక ఆడించింది. దానితో కాసేపు తెలుగులో మాట్లాడాను. పైకి వచ్చాక ఆ వారమంతా ఎవరితో ఎన్ని మాటలాడానో గుర్తుచేసుకుంటే, కుక్కతో ఆడినవే ఎక్కువ.

ఫోను చెయ్యొచ్చు. చేస్తే, "డ్యూటీలో ఉన్నాను తాతా," అంటుంది. అబద్ధమని నాకెలా తెలుసంటే, అబద్ధాలు నేనే నేర్పాను.

వానలు వెనకబట్టాక, చూపు బొత్తిగా పోయిందని చుట్టుపక్కల చెప్పి, కళ్ళద్దాల షాపుకి బయల్దేరాను. చూపు అంత పోలేదు. దగ్గరివి కాస్త మసక, అంతే. వెళ్ళడానికి ఒక కారణం కావాలి.

గాజు తలుపు తోసేసరికి ఏసీ చలి. కౌంటర్ల మీద వరసగా నిలువు అద్దాలు. నలుగురు అమ్మాయిలు, నలుగురిదీ ఒకే జుట్టు. నా మనవరాలు ఎవరో పోల్చుకోవడానికి నాకు కొంచెం సేపు పట్టింది. చూపు మసకై కాదు. ఒక అమ్మాయి ఎదురొచ్చి రండి అంది. ఆ చివర పిల్ల దగ్గరికి వెళ్తానన్నాను. ఖాళీ అయ్యేదాకా కూచున్నాను.

మనవరాలు నన్ను చూసింది. మొహంలో ఏమీ మారలేదు. "ఫోఫో, ఇక్కడ కూర్చోండి," అంది బర్మాలో. ముసలివాళ్ళని ఈ ఊళ్ళో అందరూ అనే మాటే. ఏ తాతనైనా అలాగే అంటుంది. అక్షరాలు చదివించింది. చదివాను. ఫ్రేము ఎంచుకోమంది. మొదట చేతికి దొరికింది ఎంచుకున్నాను. రెండు కనుపాపల మధ్య దూరం కొలవాలట, చిన్న స్కేలు నా ముక్కు మీద ఆనించి వంగింది. మా మొహాల మధ్య జానెడు దూరం.

"కదలకండి ఫోఫో. నా కుడి కన్ను చూడండి."

చూశాను. తెలుగులో మెల్లగా అన్నాను. "ఆ పొటో నానే సేయించినాను తల్లీ."

స్కేలు కదల్లేదు.

"కంప్యూటరు కుర్రోడిది తప్పు కాదు. సాపు సెయ్యమని నానే సెప్పినాను. నీకు సూపించకుండా కవరు అంటించీసినాను."

"ఎందుకు?" అంది, తను కూడా తెలుగులోకి దిగి. పక్క అమ్మాయిలకి అర్థం కాదు. ఆ షాపు మొత్తంలో మా ఇద్దరికే ఒక చిన్న గది దొరికినట్టయింది.

"నీకు పని రావాలని."

"వొచ్చింది. ఎవలికి వొచ్చింది?"

నా నోరు ఆగలేదు. ఇన్నాళ్ళ ఎచ్చుల మనిషికి నిజం చెప్పడం మొదలుపెడితే ఎక్కడ ఆపాలో తెలియదు.

"మీ అమ్మమ్మది కూడా నానే."

"ఏటి, గోడ మీది పొటోయా?"

"ఊఁ."

"పెద్దయినాక రింగులొచ్చినాయని సెప్పినావు గదా నాకు."

చిన్నప్పుడు అడిగింది, అమ్మమ్మకి నాలాగ జుట్టు లేదేటి తాతా అని. అలా చెప్పాను.

"అబద్దం. పెల్లినాటికే ఉన్నాయి. పెల్లి పొటో నెగిటీవు మీద కూచుని నానే తీసీసినాను. ఆ తరవాత పొటోల్లో కూడా. ఇంట్లో ఒక్క పొటోలో కూడా ఆవిడ జుట్టు ఆవిడది కాదు."

"అమ్మమ్మ ఏటీ అన్నేదా?"

"'ఈవిడెవలు? బాగుంది,' అంది."

మనవరాలి పెదవి కొంచెం కదిలింది. నవ్వో ఇంకోటో. "కదిలినావు తాతా. మల్లీ కొలవాల," అంది. మళ్ళీ స్కేలు పెట్టింది. చీటీ మీద కొలత రాయడానికి తల వంచింది. అప్పుడు చూశాను, పక్కనున్న నిలువు అద్దంలో. గిరాకీలకి కనిపించకూడదన్న తల. పాపిడికి అటూ ఇటూ వేలి వెడల్పున కొత్త జుట్టు. మెలి తిరిగి ఉంది. దాని కింద మిగతాదంతా వాన నీళ్ళు కారినట్టు తిన్నగా.

"మొదల్లో లేస్తన్నాయే తల్లీ."

చెయ్యి పాపిడి మీదికి పోయింది. "తెలుసు. మమ కూడా సూసింది. నెల్లాల్ల లోపు మల్లీ పెట్టించుకోమంది."

"పెట్టించుకుంటావేటి?"

"సట్టం నేదు గదా తాతా," అంది, నా కంటి నంబరు చెప్పినంత మామూలుగా. చీటీ చింపి ఇచ్చి, బర్మాలోకి మారి, వారం తరవాత రమ్మంది. వెనక ఇంకో గిరాకీ నిలబడి ఉన్నాడు. నేను లేచాను.

కళ్ళద్దాలు తీసుకోవడానికి వెళ్ళిన రోజు మనవరాలు కౌంటరు మీద లేదు. భోజనానికి వెళ్ళిందన్నారు. వెనక గదిలోంచి మిషను చప్పుడు వస్తోంది. ఆ తలుపు వైపు కొంచెం సేపు చూశాను. కాసేపటికి భోజనం డబ్బాతో వీధివైపు నుంచే వచ్చింది, నేను అప్పటికి రోడ్డు దాటేశాను. గాజులోంచి చూశాను. తల ఇంకా అలాగే ఉంది. మందు పెట్టించుకోలేదు. ఇంకా నెల కాలేదు కూడా.

ఇంటికి వచ్చి కొత్త అద్దాలు పెట్టుకుని మా ఆవిడ ఫోటో గోడమీంచి దించాను. ఎన్నో ఏళ్ళుగా రోజూ చూస్తున్న ఫోటో. అద్దాల్లోంచి నా పెన్సిలు గీతలు ఒక్కొక్కటీ కనిపించాయి. అంత గొప్ప పనేమీ కాదు. చెవి వెనక ఒక చోట తొందరపడ్డాను.

ఫ్రేములోంచి ఫోటో బయటికి తీశాను. మెత్తటి పెన్సిలు చెక్కాను. నెగెటివ్ లేదు కాబట్టి ఈసారి ఫోటో మీదే, నలుపుని నలుపుగానే పెట్టొచ్చు. తల అంచున ఒక ఉంగరం గీశాను. మరుసటి రోజు ఇంకోటి. ఈ వయసులో రోజుకి ఒకటికి మించి రాదు. ఇప్పటికి నలభై గీశానని రాద్దామనుకున్నాను. పదకొండు.

పన్నెండోది ఎడమ కణత దగ్గర గియ్యాలి. అక్కడ ఒక ఉంగరం ఎప్పుడూ పిన్నుకి లొంగకుండా తప్పించుకునేది. అది లోపలికి తిరిగేదో బయటికి తిరిగేదో నాకు గుర్తు రావడం లేదు. ముప్ఫై నాలుగేళ్ళు పక్కన పడుకున్నవాణ్ణి. చూడటానికి ఇంట్లో ఒక్క ఫోటో లేదు. ఆ ఉంగరం ఈ ఊళ్ళో ఇంకొక్క తల మీదే ఉండేది.

ఫోను చేశాను. సంగతి చెప్పాను. అవతల బస్సు చప్పుడు.

"అంతవరకు ఇంకా ఎదగనేదు తాతా," అంది. "వొచ్చే ఆదివారం డ్యూటీ. ఆ పైది సూద్దాం."

డ్యూటీ నిజమో కాదో నాకు తెలియదు. నెల గడువు ఆ పై ఆదివారానికి ముందే ముగుస్తుందని మాత్రం తెలుసు. ఆ మధ్యలో ఆ పిల్ల ఏం చేసుకుంటుందో చెప్పడానికి నేనెవణ్ణి? నా చేతిలో ఏ సెక్షనూ లేదు.

చలికి కొబ్బరినూనె గడ్డకట్టింది, అందుకని సీసా కిటికీలో ఎండకి పెట్టాను అని కిందికి వెళ్ళినప్పుడు కిళ్ళీ మనిషితో చెప్పాను. సీసా పెట్టిన మాట నిజం, నూనె గడ్డకట్టలేదు. ఈ ఊళ్ళో ఇంకా ఉక్కపోతే.